గొంతు అడ్డు చెప్పని దమ్ము: వేపింగ్‌లో ఒంటికి, మనసుకు ఏం తెలుస్తుంది?

ఒకే వేప్ పెన్ (ఈ-సిగరెట్) ముగ్గురి చేతులు మారితే ముగ్గురూ మూడు మాటలు చెబుతారు. ఎప్పుడూ పొగ తాగని కుర్రాడికి తల గిర్రున తిరిగి కడుపులో దేవినట్టవుతుంది. రోజూ పీల్చేవాడు "కాస్త రిలీఫ్‌గా ఉంది" అంటాడు, అంతకు మించి అతని దగ్గర మాట ఉండదు. పదేళ్లుగా సిగరెట్ తాగుతున్న మనిషి రెండు దమ్ములు లాగి, "గొంతుకే తగలడం లేదు, ఇందులో ఏముంది?" అని పెదవి విరుస్తాడు. ముగ్గురూ ఉన్నదే చెబుతున్నారు. ఆ మెదడుకు నికోటిన్‌తో ఇదివరకు ఎంత పరిచయం ఉంది, ఆ గొంతు దేనికి అలవాటు పడింది అన్నదాన్ని బట్టి అనుభవం మారిపోతుంది. అయితే ముగ్గురికీ వర్తించే సంగతి ఒకటుంది. ఎలా అనిపిస్తోందో చూసుకుని లోపలికి ఎంత నికోటిన్ పోయిందో అంచనా వేసుకోవడం వేప్ విషయంలో దాదాపు కుదరదు. ఇప్పటి పరికరాలను తయారు చేసే పద్ధతే అలాంటిది.

లోపలి సరంజామా పెద్దదేమీ కాదు. ఒక బ్యాటరీ, దూది వత్తి, ఆ వత్తిని అంటుకుని ఉండే సన్నటి కాయిల్, కొంచెం ద్రవం. నేటి ఈ-సిగరెట్లకు మూలమైన పరికరాన్ని 2003 ప్రాంతంలో తయారు చేసిన చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ స్వయంగా సిగరెట్లు తెగ తాగిన మనిషి. ద్రవంలో ప్రధానంగా ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. వాటిలో నికోటిన్, ఫ్లేవర్లు కలుపుతారు. కాయిల్ వేడెక్కగానే ద్రవం ఆవిరై, గాలి తగలగానే చల్లబడి కంటికి ఆనని తుంపరలుగా మారుతుంది. నోట్లోంచి వచ్చే తెల్లటి మబ్బు అదే. దాన్ని నీటి ఆవిరి అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పీల్చినప్పుడు ముందు తెలిసేది గోరువెచ్చదనం, పెదవుల మీద కొంచెం తీపి, నాలుక మీద సన్నటి పొర. గ్లిజరిన్ ఎక్కువ ఉంటే మబ్బు దట్టంగా, మెత్తగా వస్తుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ ఎక్కువైతే గొంతులో గరగర. ఈ రెండూ తేమను లాక్కునేవి కాబట్టి నోరు ఆరిపోతుంది, మాటిమాటికీ దాహం వేస్తుంది, గొంతులో ఏదో అడ్డుపడినట్టు మాటిమాటికీ గొంతు సవరించుకోవాలనిపిస్తుంది. వేప్ మొదలుపెట్టిన వారంలో చాలామంది చెప్పే ఇబ్బందుల్లో ఈ ఎండిపోవడం ఒకటి. ఒకే ఫ్లేవర్‌ను రోజంతా పీలిస్తే కొన్నాళ్లకు దాని రుచే తెలియకుండా పోతుంది. దూది ఎండిపోయినప్పుడు మాత్రం ఒక్కసారిగా ఘాటైన కమురు రుచి తగిలి మనిషి ఉక్కిరిబిక్కిరవుతాడు. ఆ మాడిన దమ్ములో ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటి హానికర రసాయనాలు బాగా పెరుగుతాయి. ఇది ఇక పీల్చొద్దని పరికరం ఒంటికి తెలిసేలా చెప్పే సందర్భం దాదాపు ఇదొక్కటే.

చుట్ట నుంచి పాడ్ దాకా

నికోటిన్ గొంతుకు ఎలా తగులుతుందన్నది దాని చుట్టూ ఉన్న ఆమ్ల, క్షార గుణాల మీద ఆధారపడి ఉంటుంది. క్షారంలో ఉన్నప్పుడు అది నోటి పొరల్ని సులువుగా దాటుతుంది. కానీ ఘాటు ఎక్కువ, మండిస్తుంది. ఆమ్లంతో కలిసి లవణంగా మారితే ఆ ఘాటు చచ్చిపోతుంది. వేపింగ్ గుట్టంతా ఇక్కడే ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి తెలుగునాట పొగాకు అలవాట్లు చాలు.

చుట్ట పొగ క్షారగుణం కలది. అందుకే చుట్ట తాగే పెద్దవాళ్లకు పొగను గుండెల నిండా పీల్చాల్సిన పని ఉండేది కాదు. నోట్లో కాసేపు ఉంచి వదిలినా నికోటిన్ ఎక్కేది. లోపలికి లాగితే దగ్గు తెరలు ఎటూ తప్పవు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో నిప్పు కొసను నోటిలోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటులో దెబ్బ పడింది అంగిలి మీద. అక్కడి స్త్రీలలో అంగిలి క్యాన్సర్ల గురించి దశాబ్దాలుగా పరిశోధనలు జరిగాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల వర్జీనియా పొగాకు సంగతి వేరు. బ్యారన్లనే గదుల్లో వేడిగాలికి ఆరబెట్టిన ఆకులో చక్కెరలు నిలిచి ఉంటాయి, దాని పొగ కొంచెం ఆమ్లంగా ఉంటుంది. నోట్లో ఉంచితే పెద్దగా ఎక్కదు. కానీ ఊపిరితిత్తుల్లోకి లాగగలిగినంత మెత్తగా ఉంటుంది. అక్కడి విశాలమైన పొరల గుండా నికోటిన్ క్షణాల్లో రక్తంలో కలుస్తుంది. చుట్ట స్థానంలోకి సిగరెట్ రావడంతో పొగ నోటి నుంచి ఊపిరితిత్తులకు దిగింది.

వేప్ దాన్ని మరో మెట్టు దించింది. తొలినాటి ఈ-సిగరెట్లలో క్షార నికోటిన్ ఉండేది. మోతాదు పెంచితే గొంతు మండిపోయేది కాబట్టి తయారీదార్లు పెంచలేకపోయారు. 2015లో అమెరికాలో వచ్చిన జూల్ అనే పాడ్ వేప్ (ద్రవం నింపిన చిన్న గుళికను తగిలించుకునే రకం) దీనికి దారి కనిపెట్టింది. నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం కలిపి లవణంగా మార్చి, మిల్లీలీటరుకు 59 మిల్లీగ్రాముల మోతాదులో నింపింది. మామూలు నికోటిన్‌ను ఆ గాఢతలో పీల్చడం కొత్తవాళ్లకు అసాధ్యం. లవణం రూపంలో ఉంటే పదిహేనేళ్ల పిల్లవాడు కూడా దగ్గకుండా పీల్చగలడు. యూరప్‌లో అప్పటికే 2014 నాటి నిబంధనలు 20 మిల్లీగ్రాములకు గీత గీశాయి కాబట్టి అక్కడ ఆ స్థాయి సరుకు చట్టబద్ధంగా రాలేదు. అమెరికాలో గీత లేదు. 2019 నాటికి అక్కడి హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం మంది గత నెల రోజుల్లో వేప్ పీల్చినట్టు ప్రభుత్వ సర్వేలో తేలింది. తర్వాత ఆ అలవాటు బాగా తగ్గింది. 2024లో మిడిల్, హైస్కూలు పిల్లల్ని కలిపి లెక్కిస్తే 5.9 శాతం.

గొంతులో మిగిలిన కాస్త మంటనూ చల్లదనం కప్పేస్తుంది. మెంథాల్ నోటిలో చలిని పసిగట్టే నాడుల్ని తట్టి లేపుతుంది, ఆ చల్లదనం కింద ఘాటు మరుగున పడుతుంది. "ఐస్" అని పేరున్న ఫ్లేవర్లలో పుదీనా వాసన కూడా లేకుండా చల్లదనాన్ని మాత్రమే ఇచ్చే రసాయనాలు కలుపుతారు. చాలా డిస్పోజబుళ్లలో (అయిపోగానే పారేసే వేప్‌లలో) సుక్రలోజ్ లాంటి తీపి ఉంటుంది. మామిడి రుచి నోటికి సరదా అనుకుంటారు గానీ, అది చేసే అసలు పని గొంతును ఏమార్చడం.

ఇందులో ఒక తిరకాసు ఉంది. కొత్తవాడికి కంచెలా అడ్డుపడే ఈ ఘాటే పాత సిగరెట్ మనిషికి సగం సుఖం. 1980లలో అమెరికాలో కొందరు సిగరెట్ తాగేవాళ్ల గొంతుకు మొద్దుబారే మందు పట్టించి పొగ తాగించి చూశారు. నికోటిన్ లోపలికి పోతున్నా వాళ్లకు తాగిన తృప్తి తగ్గిపోయింది. వేప్‌ను చూసి పెదవి విరిచిన మనిషి వెతుక్కుంటున్నది ఆ దెబ్బనే. అది దొరక్క ఎక్కువ దమ్ములు లాగుతాడు.

మొదటి నిమిషాలు

పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. చేతి నరానికి ఇచ్చిన ఇంజెక్షన్ కూడా అంత త్వరగా చేరదు. అక్కడ ఎసిటైల్‌కోలిన్ అనే సహజ రసాయనం కోసం ఉన్న గ్రాహకాలను (రిసెప్టర్లను) అది పట్టుకుంటుంది. హాయి భావనతో ముడిపడిన డోపమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. అలవాటు లేని వాళ్లకు ఆ క్షణంలో తల తేలిపోయినట్టు, కణతల దగ్గర వేడి పాకినట్టు, కాళ్లు కాస్త వదులైనట్టు అనిపిస్తుంది. కుర్రాళ్లు కిక్కు, బజ్, హెడ్ రష్ అనేది దీన్నే. ఒకటి రెండు నిమిషాల్లో అది కరిగిపోతుంది. అదే సమయంలో అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను వదులుతాయి. గుండె నిమిషానికి పది పదిహేను సార్లు ఎక్కువగా కొట్టుకుంటుంది, రక్తపోటు కొంచెం పెరుగుతుంది, చర్మంలోని రక్తనాళాలు బిగుసుకుని వేళ్ల కొసలు చల్లబడతాయి. పేగులు కదులుతాయి. పొద్దున్నే దమ్ము లాగందే బాత్రూమ్ పని జరగదనే వాళ్ల మాటలో అబద్ధం లేదు.

మోతాదు మించితే కథ మారుతుంది. నోట్లో నీళ్లూరడం, చల్లటి చెమటలు, మొహం పాలిపోవడం, వికారం, వాంతి, చేతుల్లో వణుకు. దీన్ని నిక్ సిక్ అంటారు. సిగరెట్ అయితే ఆ దశకు రాకముందే గొంతు మండి దగ్గు ఆపేసేది. లవణ నికోటిన్‌తో వికారం వచ్చేదాకా ఆపాలని తోచదు. అప్పటికే రక్తంలో కలిసింది శరీరం కరిగించుకునేదాకా ఆగాల్సిందే. నికోటిన్ సగానికి తగ్గడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. అయితే తేలికపాటి లక్షణాలు అంతకన్నా ముందే నెమ్మదిస్తాయి. చంటిపిల్లలు ఆ ద్రవాన్ని మింగితే మాత్రం ఇంట్లో ఆగి చూడాల్సిన వ్యవహారం కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

టెన్షన్ తగ్గుతుందన్న నమ్మకం

గుండె వేగం పెంచే పదార్థం మనసును నెమ్మదింపజేసినట్టు ఎందుకు అనిపిస్తుంది? అమెరికా మనస్తత్వవేత్త పాల్ నెస్బిట్ 1973లో సిగరెట్ల గురించి ఈ వింతను ఎత్తిచూపాడు. దాన్ని నెస్బిట్ వైరుధ్యం అంటారు. జవాబులో పెద్ద భాగం మెదడు సర్దుబాటులో దొరుకుతుంది. నికోటిన్ తరచూ వస్తుంటే గ్రాహకాలు మొద్దుబారతాయి, మెదడు మరిన్ని గ్రాహకాలను తయారు చేసుకుంటుంది. నికోటిన్ తగ్గగానే అవన్నీ ఖాళీగా మేల్కొంటాయి. అప్పుడు చిరాకు, నిలకడ లేకపోవడం, చదువుతున్న పేజీ మీద దృష్టి నిలవకపోవడం, కారణం లేని గుబులు మొదలవుతాయి. ఒక్క దమ్ముతో అవన్నీ సర్దుకుంటాయి. మనిషికి గుర్తుండిపోయేది ఆ సర్దుకోవడమే. చిరాకు వచ్చింది కూడా అంతకుముందు లాగిన దమ్ము వల్లే అని తోచదు. అప్పు తీరిన రోజు మనసు తేలికపడుతుంది, అంతమాత్రాన ఆదాయం పెరిగినట్టు కాదు.

బ్రిటన్‌కు చెందిన ఆండీ ప్యారట్ 1999లో ఇదే వాదన చేశాడు. పొగతాగేవాళ్ల ఒత్తిడి తాగనివాళ్ల కంటే కొంచెం ఎక్కువగానే ఉంటుందని, సిగరెట్ దాన్ని కాసేపు మామూలు స్థాయికి దించుతుందంతేనని అతని అభిప్రాయం. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 26 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ప్రచురించింది. పొగ మానేసినవాళ్లలో ఆందోళన, దిగులు, ఒత్తిడి మూడూ మానేయనివాళ్ల కంటే తగ్గాయని అందులో తేలింది. ఇవి సిగరెట్ల మీద జరిగిన అధ్యయనాలు, కానీ పనిచేసే మందు అదే నికోటిన్. పరీక్షల ముందు వేప్ వల్లే ఏకాగ్రత వస్తోందని చెప్పే విద్యార్థికి వస్తున్నది ఎక్కువ భాగం పోయిన ఏకాగ్రతే.

అంతా రసాయనమే అనడం కూడా సరికాదు. చేతికి ఒక పని, లోతుగా లాగి నెమ్మదిగా వదిలే ఊపిరి, కళ్లముందు కదిలే మబ్బు, అందరిలోంచి రెండు నిమిషాలు పక్కకు వెళ్లే వీలు, వీటికి కూడా మనసు అలవాటు పడుతుంది. నికోటిన్ లేని పరికరం ఇచ్చినా కోరిక కాసేపు చల్లారుతుంది. ఛార్జింగ్ అయిపోయిన వేప్‌ను కూడా జేబులో తడుముకోవడం ఇందుకే.

సిగరెట్‌కు లేనిది వేప్‌కు ఉన్నది మరొకటుంది. దానికి ముగింపు లేదు. సిగరెట్ పది పన్నెండు దమ్ముల్లో అయిపోతుంది. వెలిగించాలి, బయటికి పోవాలి, వాసన కడుక్కోవాలి. టీకొట్టు దగ్గర నిలబడి తాగినవాడు రోజుకు ఎన్ని కాల్చాడో వేళ్ల మీద లెక్క చెబుతాడు. వేప్‌ను దుప్పటి కింద, బాత్రూమ్‌లో, క్లాసు చివరి బెంచీలో ఒక్కో దమ్ముగా లాగొచ్చు. ఒక సిగరెట్ నుంచి ఒంటికి పట్టే నికోటిన్ సుమారు ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు. యూరప్ పరిమితిలోని రెండు మిల్లీలీటర్ల డిస్పోజబుల్‌లో 40 మిల్లీగ్రాములుంటాయి. 5 శాతం గాఢతతో (మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు) వచ్చే పది మిల్లీలీటర్ల పెద్ద పరికరంలో దాదాపు 500. అందులో కొంత గాలిలో కలిసిపోయినా సరే, "రోజుకి కొంచెమే" అనే మాటకు కొలత ఏదీ మిగలదు. రాత్రి పడుకునే ముందు కూడా పీలిస్తే నిద్ర పలచబడుతుంది. తెల్లారేసరికి గ్రాహకాలు మళ్లీ మేల్కొని ఉంటాయి కాబట్టి పొద్దుటి మొదటి దమ్ము అన్నిటికంటే గట్టిగా తగులుతుంది.

సిగరెట్ నుంచి మారినవాళ్లు

సిగరెట్ పూర్తిగా మాని వేప్‌కు మారిన మనిషి అనుభవాన్ని విడిగా చూడాలి. ఆకు కాలదు కాబట్టి తారు, కార్బన్ మోనాక్సైడ్ ఉండవు. కొన్ని వారాల్లో కఫం, పొద్దుటి దగ్గు తగ్గుతాయి, వాసనలు తెలుస్తాయి, మెట్లెక్కితే ఆయాసం తక్కువవుతుంది. ఈ హాయి భ్రమ కాదు. 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో 886 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఈ-సిగరెట్లు, మరో గుంపుకు నికోటిన్ ప్యాచ్‌లు, గమ్‌ల లాంటివి ఇచ్చారు. ఏడాది తర్వాత సిగరెట్‌కు దూరంగా ఉన్నవాళ్లు మొదటి గుంపులో 18 శాతం, రెండో గుంపులో 9.9 శాతం. అదే పరిశోధనలో మరో అంకె ఉంది. అలా మానగలిగినవాళ్లలో మొదటి గుంపులో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ పీలుస్తూనే ఉన్నారు. ప్యాచ్, గమ్ వాడుతున్నవాళ్లు 9 శాతమే. వేప్ అభిమానులు మొదటి అంకెను, వ్యతిరేకులు రెండో అంకెను చెబుతుంటారు. రెండూ కలిపితేనే బొమ్మ పూర్తవుతుంది.

మారినవాళ్లను తికమకపెట్టే చిన్న విషయం కాఫీ. సిగరెట్ పొగలోని కొన్ని రసాయనాలు కాలేయంలో కెఫీన్‌ను కరిగించే ఎంజైమును పెంచుతాయి. ఆ పని చేసేది నికోటిన్ కాదు, ఆకు కాలిన పొగ. పొగ ఆగగానే ఎంజైము తగ్గి, అవే నాలుగు కాఫీలు ఇదివరకటి కంటే ఎక్కువసేపు ఒంట్లో ఉంటాయి. గుండె దడ, చేతి వణుకు, నిద్రలేమి వస్తే మనిషి వేప్‌ను తిడతాడు. కాఫీ సగానికి తగ్గిస్తే చాలాసార్లు తేలిపోతుంది. ఓలాంజపిన్, క్లోజపిన్ లాంటి మానసిక వైద్యం మందులు వాడేవాళ్లకు మాత్రం ఇది చిన్న విషయం కాదు. ఆ మందులు కూడా అదే దారిన కరుగుతాయి కాబట్టి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఎప్పుడూ పొగ తాగనివాడి లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. అతనికి తగ్గడానికి పాత దగ్గు లేదు, కొత్తగా వచ్చేవే ఉన్నాయి. ఛాతీ పట్టేసినట్టుండటం, పిల్లికూతలు, ఆస్తమా ఉంటే అది రేగడం. పాతికేళ్లదాకా మెదడు ముందుభాగం ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ వయసులో పడిన నికోటిన్ అలవాటు గట్టిగా పాతుకుంటుంది.

సరుకు ఎవరిదో తెలియనప్పుడు ఈ అనుభవాల లెక్కే మారిపోతుంది. 2019లో అమెరికాలో వేప్ పీల్చినవాళ్లు దగ్గు, ఆయాసం, జ్వరం, వాంతులతో ఆసుపత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరికి 2,807 కేసులు, 68 మరణాలు లెక్కకొచ్చాయి. ప్రధాన కారణం గంజాయి సారం ఉన్న దొంగ సరుకులో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్. సింగపూర్‌లో ఆపరేషన్లలో వాడే ఎటోమిడేట్ అనే మత్తుమందు కలిపిన వేప్‌లు బయటపడటంతో 2025లో ప్రభుత్వం దాన్ని మాదకద్రవ్యాల జాబితాలో చేర్చింది. అక్కడ 2018 నుంచి వేప్ దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. ఆస్ట్రేలియాలో 2024 జులై నుంచి మందుల షాపుల్లో తప్ప అమ్మరాదు. అమెరికా, బ్రిటన్‌లో చదువుకుని సెలవులకు ఇంటికొచ్చే తెలుగు పిల్లలకు ఈ తేడాలు తెలిసి ఉండటం మంచిది. భారత్‌లో 2019 నాటి చట్టం తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలను నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అయినా హైదరాబాద్‌లో పోలీసుల దాడుల్లో సరుకు దొరుకుతూనే ఉంది. చాటుగా అమ్మే పెట్టె మీద రాసిన నికోటిన్ శాతానికి పూచీ ఉండేవాళ్లెవరూ లేరు.

మానేటప్పుడు ఒంటికి తెలిసేవి సిగరెట్ మానేటప్పటివే. కొన్ని గంటల్లో చిరాకు మొదలై, రెండు మూడు రోజులకు పతాకస్థాయికి వెళ్లి, మూడు నాలుగు వారాల్లో దిగిపోతుంది. ఆకలి పెరుగుతుంది, నిద్ర చెదురుతుంది, దిగులుగా ఉంటుంది. ఒక్కో కోరిక అల మాత్రం కొద్ది నిమిషాలే నిలుస్తుంది. 2025లో అమెరికాలో 16 నుంచి 25 ఏళ్ల వేప్ అలవాటుపరుల మీద జరిగిన ప్రయోగంలో పొగ మానడానికి ఇచ్చే వరెనిక్లిన్ మాత్ర వాడినవాళ్లలో 51 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 14 శాతం మంది చికిత్స చివరి నెలలో వేప్‌కు దూరంగా ఉన్నారు. భారత్‌లో పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది.

డాక్టర్లు సిగరెట్ తాగేవాళ్లను అడిగే మొదటి ప్రశ్న "రోజుకు ఎన్ని?". వేప్ పీల్చేవాడు దీనికి జవాబు చెప్పలేడు. పాత నికోటిన్ ప్రశ్నావళిలోని మరో ప్రశ్న ఇక్కడ బాగా పనికొస్తుంది: "నిద్రలేచిన ఎంతసేపటికి మొదటి దమ్ము?" గంట తర్వాత అంటే అలవాటు ఇంకా పలచగా ఉన్నట్టు. ఐదు నిమిషాల్లోపే అన్నా, మధ్యరాత్రి మెలకువ వచ్చినప్పుడు కూడా తలగడ కింద చెయ్యి పెడుతున్నానన్నా, సంకల్పబలం గురించి లెక్చర్ ఇవ్వకుండా మందుల చీటీతోనే మొదలుపెట్టాల్సిన కేసు.